గుంతలో తెల్ల బూట్లు

వెంకటేశులు ఆడింది చిన్న అబద్ధమే. అనంతపురం కాలేజీలో చేరిన మొదటి వారం, హాస్టల్లో పక్క మంచం గంగాధరప్ప "మీ నాయన ఏం చేస్తాడు?" అని అడిగాడు. గంగాధరప్ప వాళ్ళకు గుంతకల్లులో రెండంతస్తుల బట్టలంగడి. వెంకటేశులు ఒక్క క్షణం ఆగి, "ధర్మవరంలో పట్టు వ్యాపారం" అన్నాడు.

వాళ్ళ నాయన ఆదెన్నకు పట్టుతో సంబంధం లేకపోలేదు. ఇంట్లోని సొంత మగ్గం మీద పది పదిహేను రోజులకొక చీర నేసి, సంకన పెట్టుకొని సావుకారి అంగడి మెట్లెక్కి, కూలి తీసుకొని దిగేవాడు. దాన్ని వ్యాపారమంటే వ్యాపారమే మరి. ఆ ఒక్క మాటను కొడుకు రెండేళ్ళు భద్రంగా సాకాడు. మేకపిల్లనైనా అంత శ్రద్ధగా సాకరు.

ఎనభై ఏడులో కాలేజీకి ఒక వీడియో కెమెరా వచ్చింది. తెలుగు లెక్చరర్ సుమిత్రమ్మ మేడమ్ పిల్లల్ని జట్లుగా విడదీసి, ఒక్కో జట్టు ఒక్కో పాట రాసి బొమ్మ తీయాలన్నది. వెంకటేశులు నేత మీద పాట రాశాడు. బాగానే రాశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. నేతగాడి వేషం గంగాధరప్పది, ఎందుకంటే చూడదగ్గ మొహం వాడిది. "మీది ధర్మవరమే కదా, మగ్గాలు మీ ఇంట్లోనే ఉంటాయి, అక్కడే తీయండి" అన్నది మేడమ్. వెంకటేశులు తలూపాడు.

బొమ్మ తీయడానికి ముందు రోజే ఊరికి పోయాడు. తల్లి నాగలక్ష్మమ్మను మేనమామ ఇంటికి గార్లదిన్నె పంపించాడు. తర్వాత నాయన పక్కన కూర్చొని, నేల చూస్తూ చెప్పాడు.

"నాయనా, రేపు వచ్చేవాళ్ళతో మగ్గం మాది, నువ్వు మా దగ్గర కూలికి నేస్తాండావని చెప్పినా."

ఆదెన్న పోగు ముడి వేస్తున్నాడు. ఆ ముడి పూర్తిచేసి, దాన్ని వేలితో సవరించాడు.

"మరి నన్నేమని పిలుస్తావు?"

"ఆదెన్నా అంటా."

"సర్లేప్పా. పేరే కదా."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

మరుసటి రోజు గంగాధరప్ప, కెమెరా పట్టే అటెండరు ఓబుళేసు బస్సు దిగారు. పాటను ముందే టేపురికార్డర్లో పట్టుకున్నారు. అది పాడుతుంటే బొమ్మ తీయాలి. పోగును అటూ ఇటూ మోసుకుపోయే నాడె విసిరే చేతులు ఆదెన్నవి, మొహం గంగాధరప్పది, మధ్యమధ్య మగ్గం కింద గుంతలో తొక్కుడు చెక్కల మీద ఆడే కాళ్ళు కూడా గంగాధరప్పవే. వాడు కొత్త తెల్ల బూట్లతో చటుక్కున గుంతలోకి దిగాడు.

దేవుడిలా మొక్కే మగ్గం గుంతలోకి చెప్పులతో దిగడమా? ఆ వీధిలో నడక రాని పిల్లకు కూడా తెలిసిన సంగతి అది. వెంకటేశులు చూశాడు. నోటిదాకా వచ్చింది. కానీ అంత పట్టింపు నేసేవాళ్ళకు ఉంటుంది గానీ వ్యాపారం చేసేవాళ్ళకు ఎందుకుంటుంది? మాట మింగేశాడు. నాయన వైపు చూశాడు. ఆదెన్న కూలివాడిలా గోడ పక్కకు జరిగి నిలబడ్డాడు.

తర్వాత చేతుల వంతు. వెంకటేశులు గొంతు పెద్దది చేసి, "ఆదెన్నా, ఇంక మొదలుపెట్టు" అన్నాడు. ఆదెన్న మొదలుపెట్టాడు. సాయంత్రం వాళ్ళను బస్సెక్కించి వచ్చేసరికి గుంతలో పసుపు నీళ్ళు చల్లి ఉన్నాయి. ఆ పూట మగ్గం ఆడలేదు. 

మేడమ్‌కు బొమ్మ నచ్చింది. అయినా వదల్లేదు. "నేతగాళ్ళ పాట నేతగాళ్ళు చూడొద్దూ? వాళ్ళేమన్నారో తెలుసుకొని, దాన్నిబట్టి దిద్దుదాం. ఒక షరతు. ప్రతి మాటా నువ్వే నీ చేత్తో రాసుకోవాలి. ఎవరికీ జవాబు చెప్పకూడదు" అన్నది. వెంకటేశులు జ్వరమన్నాడు, పరీక్షలన్నాడు. మేడమ్ రోజు మార్చింది గానీ ఊరు మార్చలేదు.

అమావాస్య నాడు మగ్గాలు ఆగుతాయి. ఆ మధ్యాహ్నం అదే వీధిలోని సిద్దమ్మ ఇంటి నడవలో బాడుగ టీవీ, వీసీఆర్ పెట్టారు. వీధి వీధంతా వచ్చి కూర్చుంది. మేడమ్, గంగాధరప్ప టీవీ పక్కన కూర్చున్నారు. ఆదెన్న అందరికన్నా వెనక, గడప దగ్గర కూర్చున్నాడు. నాగలక్ష్మమ్మ ఇంకా గార్లదిన్నె నుంచి రాలేదు. పోనీ అదొక్కటి నయం అనుకున్నాడు కొడుకు.

పాట అయిపోయింది. వెంకటేశులు నోటుబుక్కు తెరిచాడు. పాట బాగుందన్నారు. పల్లవి ఇంకోసారి రావాలన్నారు. నాడె పోయే వేగానికీ పాటకూ కుదరలేదన్నారు. అన్నీ రాశాడు.  అప్పుడు సిద్దమ్మ లేచింది.

"పిల్లోడు ఎర్రగా బాగుండాడు. మగ్గం గుంతలోకి బూట్లేసుకోని దిగినాడు చూడు, అదొక్కటి చూడలేకపోతి."

అందరూ అవునవునన్నారు. అందరిలోకీ పెద్దవాడు మల్లికార్జునయ్య వెనక్కి తిరిగాడు. "ఆ మగ్గం నీదే కదప్పా ఆదెన్నా. నీ కండ్ల ముందర దిగితే ఎట్లా ఊరుకుంటివి?"

ఆదెన్న తువ్వాలు ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. "నాదేముండాదన్నా. కూలోణ్ణి. పెద్దోళ్ళ పిల్లోళ్ళకు నేనేం చెప్తా."

నడవంతా నవ్వింది. సొంత మగ్గం పెట్టుకొని కూలోణ్ణంటున్నాడని, ఎన్నడూ లేనిది ఆదెన్నకు ఇవాళ పరిహాసం వచ్చిందని నవ్వారు. వెంకటేశులు తలెత్తలేదు. నియమం ప్రకారం ఆ మాట కూడా రాయాలి. 'కూలోణ్ణి' అని రాశాడు. అక్షరాలు అలుక్కుపోయాయి.

గంగాధరప్ప మంచివాడు. తన తప్పుకు నిజంగానే నొచ్చుకున్నాడు. "నాకు తెలీదమ్మా. ఆ మగ్గం వెంకటేశులు వాళ్ళదే కదా, ఈయన వాళ్ళ దగ్గర నేస్తాండాడు కదా. వీడు ఒక్క మాట చెప్పింటే బూట్లు విడిచేసేవాణ్ణి."

నవ్వు ఆగిపోయింది.

"ఎవురి దగ్గర?" అన్నది సిద్దమ్మ. ఆమె గడప వైపు చెయ్యి చూపింది. "వాళ్ళ నాయనప్పా ఆయన."

  నలభై జతల కళ్ళు తన వీపు మీదున్నాయని తెలిసింది వెంకటేశులుకు. భూమి చీలితే దూరిపోదామనుకున్నాడు. అంతలో గడప దగ్గర నుంచి ఆదెన్న గొంతు వినబడింది.

"నేనే చెప్పమంటి మేడమ్. తమాషాకి. పిల్లోనిదేం లేదు."

అది వినలేకపోయాడు. తన అబద్ధాన్ని ఇన్నాళ్ళూ తాను సాకితే, ఇప్పుడు ముసలాయన దాన్ని నెత్తినెత్తుకుంటున్నాడు. వెంకటేశులు లేచాడు.

"కాదు మేడమ్. నేనే చెప్పినా. రెండేండ్లుగా అందరికీ చెప్తాండా. బూట్లు కూడా చూసినా, చూసి ఊరుకున్నా." సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. నాయన వైపు చూడటానికి మాత్రం ధైర్యం చాలలేదు.

మేడమ్ ఓదార్చలేదు, తిట్టలేదు. "అది కూడా అందులో రాయి, కింద" అన్నది.

రాశాడు.

మరుసటి ఆదివారం మళ్ళీ తీశారు. నాగలక్ష్మమ్మ వచ్చింది, దారం కండెలు చుడుతూ కూర్చుంది. గంగాధరప్ప బూట్లు వీధిలోనే విడిచి, పక్కన టేపురికార్డర్ పట్టుకొని నిలబడ్డాడు. వెంకటేశులు దగ్గరికి వస్తే పక్కకు జరిగాడు. అదీ ఒక శిక్షే. ఈసారి చేతులూ కాళ్ళూ మొహమూ అన్నీ ఆదెన్నవే. గుంతలోకి దిగి, మగ్గాన్ని తాకి కళ్ళకద్దుకొని, నాడె పట్టుకొని కూర్చున్నాడు. ఓబుళేసు కెమెరా తిప్పాడు. పాట మొదలైంది. ఆదెన్న చెయ్యి కదల్లేదు.

"ఏమైందన్నా?" అన్నాడు ఓబుళేసు.

"పిల్లోడు పిలవాల కదప్పా. ముందు మాదిరి. పిలిస్తేనే కదా నేను మొదలుపెట్టేది."

అది ఎత్తిపొడుపో, బొమ్మ తీయడమంటే అంతే అనుకున్నాడో ఈనాటికీ వెంకటేశులుకు తెలియదు. పాటను వెనక్కి తిప్పారు. మళ్ళీ కెమెరా ఆడింది. వెంకటేశులు నోరు తెరిచాడు. ఎన్ని వేలసార్లు పిలిచిన పిలుపో, పెగిలి రాలేదు. చివరికి బొంగురుగా, సగం విరిగి వచ్చింది.

"నాయనా."

నాడె కదిలింది.

కాలేజీలో ఆ బొమ్మ వేసినప్పుడు చూసినవాళ్ళకు చీటీలు పంచారు. ముప్పై చీటీల్లో పదకొండు ఒకటే మాట: మొదట్లో ఎవరిదో గొంతు పడింది, బాగాలేదు, తీసేయాలి.

"న్యాయమైన మాటే. తీసేద్దామా?" అన్నది మేడమ్.

"వద్దు మేడమ్" అన్నాడు వెంకటేశులు. "అది బాగాలేనిదే. అట్లే ఉండనీండి."