కుడివైపు ఫోటో

ఆ రోజు ఫిల్మ్‌నగర్ ఇంట్లో నలుగురే ఉన్నారు. కంపెనీ యజమాని కాశీవిశ్వనాథం, ఆయన భార్య శారదాదేవి, పటాలు గీసే అచ్యుతరామయ్య, ఫోటోల వెనక నంబర్లు రాసే నాగేశ్వరి. ఒకప్పుడు ఇరవై మంది పనిచేసిన ఇల్లు అది.

ఎనభై ఒకటిలో బేగంపేట నుంచి అద్దె విమానం ఎగరేసి మొదలుపెట్టిన కంపెనీ. కాలువలకూ రోడ్లకూ ఆకాశం నుంచి ఫోటోలు తీసి, వాటిని చూసి నేల పటాలు గీసింది. చేతిలో పనిలేని నెలల్లో సినిమావాళ్ల పాటల కోసం కూడా విమానం ఎక్కింది. తర్వాత ఉపగ్రహాల బొమ్మలు వచ్చాయి. ఒక్కొక్కరే మానేశారు. తొంభై మూడు వేసవిలో ఇల్లు అమ్ముడుపోయింది. మిగిలిన ఫోటోలు బయటివాళ్ల చేతికి పోకూడదని ప్రభుత్వం షరతు, అందుకని ఆ సాయంత్రానికల్లా అన్నీ చించి కాల్చెయ్యాలి.

నాగేశ్వరి తండ్రి జంగయ్య రాయి కొట్టేవాడు. కొండ వెనక వాళ్ల పన్నెండు గుడిసెలనూ సోమవారం కూలగొడతామని అధికారులు నోటీసు అంటించి పోయారు. ప్లాట్లు వెయ్యకముందు నుంచే ఉన్నామని రుజువు చూపిస్తే ఆపుతారట. రేషన్ కార్డయినా లేనివాళ్ల దగ్గర రుజువు ఎక్కడిది? నాగేశ్వరి ఊళ్లో పదో తరగతి చదివి రెండేళ్ల కిందట తండ్రి దగ్గరికి వచ్చింది. ఎవరినైనా ఏదైనా అడగాలంటే ఆమెకు గొంతు పెగలదు. అందుకే ఎవరినీ అడక్కుండా వారం రోజులుగా, ప్లాట్లకు ముందు ఎనభై మూడులో తీసిన ఫోటోల కట్టలు తిరగేసింది.

ఆ కొండ ఫోటో దొరికింది. కానీ ఒక్క ఫోటోలో చూస్తే అంతా బండలే. గుడిసెల కప్పులూ బండపలకలే కదా. విమానం కాస్త ముందుకు జరిగాక తీసిన రెండో ఫోటోను కుడివైపు పెట్టి, ఎడమ కంటికి ఎడమ ఫోటో, కుడి కంటికి కుడి ఫోటో కనబడేలా జంట అద్దాల్లోంచి చూడాలి. అప్పుడే కొండలు లేస్తాయి, చెట్లు లేస్తాయి. అలా చూసినప్పుడు పన్నెండు కప్పులూ నేల విడిచి పైకి లేచాయి.

“అచ్యుతం సార్, జర గిటు చూడుండ్రి.”

అచ్యుతరామయ్య వంగి చూశాడు. “ఓసి నీ దుంపతెగ, గుడిసెలే! మన పటంలో ఇక్కడ ఖాళీ రాతినేల అని రాశానే! ఆ పటం చూసే కదా ప్లాట్లు వేసుకున్నారు. ఫోటో చదివి చెప్పింది సారు, గీసింది నేను. సార్, ఒక్కసారి ఇలా రండి. ఈ పిల్ల మన తప్పు పట్టింది!”

కాశీవిశ్వనాథం వచ్చి అద్దాల మీదికి వంగాడు. ఫ్యాను గాలికి ఎగరకుండా నాగేశ్వరి కుడివైపు ఫోటోను అరచేత్తో అదిమి పట్టుకుంది.

“గుడిసెలేంటమ్మా? స్పష్టంగా కనబడుతుంటేనూ. రాళ్లే.”

నాగేశ్వరి తన చేతి వంక చూసుకుంది. అద్దం కిందున్న భాగం మొత్తం చేతి కిందే ఉంది. కుడి కంటితో చూసేవాళ్లెవరికైనా ఐదు వేళ్లు కనబడాలి. అచ్యుతరామయ్య కూడా ఆ చేతినే చూస్తున్నాడు.

“సార్, మీ కుడి కన్ను...”

“ఎనభై రెండులోనే పోయింది,” గుమ్మంలోంచి శారదాదేవి అంది. “ఆ సంగతి అప్పుడే బయటపెడితే కంపెనీ ఉండేదా? మీరంతా ఏం తినేవాళ్లు?”

కాశీవిశ్వనాథం కుర్చీలో కూలబడ్డాడు. “రెండువందల పటాలకు ఫోటోలు చదివానమ్మా. ఒకటి తప్పని తేలితే మిగతావి ఎవరు నమ్ముతారు? వాటిని నమ్మి కాలువలు తవ్వేశారు.”

“కన్ను ముచ్చట నేనెవ్వరికీ చెప్ప సార్. గీ రెండు ఫోటోలియ్యుండ్రి. సోమవారమొస్తే మమ్ముల రోడ్డు మీదేస్తరు.” ఆ ఇంట్లో ఆమె అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం అదే మొదలు.

“నువ్వు చెప్పక్కర్లేదు. ఫోటోలూ, పటమూ పక్కపక్కన పెడితే చాలు, తప్పు బయటపడుతుంది,” అన్నాడాయన.

“పోనీ, నేనొచ్చి చెప్తాలే నాగేశ్వరీ, నా కళ్లారా చూశానని...” అంటూ అచ్యుతరామయ్య లేవబోయాడు.

“పటం కింద సంతకం నీదే కదా అచ్యుతం,” అన్నాడు కాశీవిశ్వనాథం.

అచ్యుతరామయ్య మళ్లీ కూర్చుని, ఎదురుగా ఉన్న కట్ట విప్పి చించడం మొదలుపెట్టాడు.

శారదాదేవి రెండు ఫోటోలూ తీసుకుంది. రెండో చెయ్యి నాగేశ్వరి భుజం మీద వేసి, కసరకుండానే గుమ్మం దాకా నడిపించింది. “ఎండ ముదరకముందే ఇంటికి వెళ్లిపో, తల్లీ.”

“అమ్మా, ఒక్క దినం ఇయ్యుండ్రి. చూపిచ్చి మళ్ల తెస్త,” అంటుండగానే శారదాదేవి తలుపు మూసేసింది.