ఫ్రీజర్‌లో సముద్రం

సంతోషం పట్టలేకపోతే జవేరియా కాళ్లు ఒక్కచోట నిలవవు. ఆ మధ్యాహ్నం సింగపూర్‌లోని బుకిట్ పంజాంగ్ ఫ్లాట్‌లో, వంటింటికీ హాలుకీ మధ్య ఆమె గంతులు వేస్తూనే ఉంది.

పెళ్లయిన కొత్తలో యాసిర్ ఆమెను నార్వే ఉత్తర తీరానికి తీసుకెళ్లాడు. చెట్టన్నది లేని నల్లరాళ్లు, ఈడ్చికొట్టే గాలి, ఇనుము రంగు సముద్రం. యాసిర్ కారులోకి పరుగెత్తినా జవేరియా ముక్కు ఎర్రబడేదాకా అక్కడే నిలబడింది. తిరిగొచ్చాక నీటిరంగులు కొనుక్కుంది. బీఎస్సీ చదివిందే గానీ బొమ్మలు గీయడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. రోజూ అదే తీరం గీసింది. రాళ్లు కుదిరాయి, అలలు కుదిరాయి. చలి మాత్రం రాలేదు.

కింది అంతస్తు శ్యామలాదేవి ఆంటీది కాకినాడ. కమ్యూనిటీ క్లబ్‌లో తెలుగు మహిళల ప్రదర్శన నడిపేది ఆవిడే. అక్కడ చీరల స్టాల్ పక్క గోడ మీద ఒక్క బొమ్మకే చోటు మిగిలింది.

"సముద్రమంటే కొబ్బరిచెట్టూ పడవా ఉండాలి కదమ్మా! ఇదేమో అలిగి కూర్చున్నట్టుంది. సాయంత్రం వస్తా, ఇంకోటి చూపించు. నచ్చకపోతే ఆ చోటు వేరేవాళ్లకి ఇచ్చేస్తా" అని పొద్దున్నే తీరం బొమ్మ చూసి చెప్పి వెళ్లింది.

మంచినీళ్లలోకి ఐసు కోసం జవేరియా ఫ్రీజర్ తెరిచింది. లోపలి గోడల మీద మంచు ఈకల్లా అల్లుకుని ఉంది. అంతే! కొత్త బొమ్మ గీసి, తడి ఆరకముందే ఫ్రీజర్‌లో పెట్టేసింది. అందులో ఉన్నవన్నీ, మటన్‌తో సహా, బయటికొచ్చాయి. అప్పట్నుంచీ ఆ గంతులే.

జురాంగ్ ఐలాండ్ రిఫైనరీ నుంచి డ్యూటీ దిగి వచ్చిన యాసిర్ గిన్నె మూత తీసి చూశాడు.

"అరే, దావత్ మటన్ వండేస్తున్నవేంది? దావత్ శుక్రవారం కదా!"

"ఇయాల్నే చేసుకుందాం జీ. ఫ్రీజర్ల సముద్రం ఉన్నది, తలుపు తియ్యకు!"

అతనికి సగమే అర్థమైంది. అయినా నవ్వేశాడు.

బయటికి తీసేసరికి కాగితమంతా మంచు. ఈ ఊరి ఉక్కకి ఒక్కసారిగా కరిగిందంటే రంగులన్నీ కొట్టుకుపోతాయి. గదిలో ఏసీ పదహారులో పెట్టి, ఇద్దరూ స్వెటర్లు తొడుక్కుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. మెల్లగా తడి ఆరింది. మంచు పక్కకి నెట్టిన రంగు అలాగే నిలిచిపోయి, అలల మీద సన్నటి తెల్లని ముళ్లు మిగిలాయి.

"దేఖో, దేఖో!" అంటూ జవేరియా అతని చెవి పట్టుకుని బొమ్మ మీదకి వంచింది.

అప్పుడే బెల్లు మోగింది. గదిలోకి వస్తూనే ఆంటీ కొంగు భుజాల నిండా కప్పుకుంది.

"అబ్బ, ఏం చలే తల్లీ!"

"బొమ్మ నుంచే ఆంటీ" అన్నాడు యాసిర్.

"నా దగ్గరా నీ వేషాలు? ఏసీ రొద కిందదాకా వినిపిస్తోంది. బయటికి పట్టుకురా, వరండాలో చూస్తా."

వరండాలో గాలి లేదు. జవేరియా కాగితాన్ని ఎత్తి పట్టుకుంది. ఆంటీ కళ్లజోడు పెట్టుకుని చూసింది. ముఖాన చెమట కారుతున్నా తుడుచుకోలేదు. అలను తాకబోయిన వేలు చప్పున వెనక్కి తీసుకుంది.

"దీన్ని చీరల స్టాల్ దగ్గర పెట్టడం కుదరదు."

జవేరియా ముఖం వాడిపోయింది.

"వణుక్కుంటూ చీరలెవరు కొంటారే? శాలువాల పక్కన పెట్టిస్తా!"

"చీరమ్మా, కొత్త చీర!" అని ఆంటీ గగ్గోలు పెడుతున్నా వినకుండా జవేరియా రంగు చేతులతోనే ఆవిడను వాటేసుకుంది.