ఏ చెవిలో మోగాను?

నేను ఒక శ్రుతిదండాన్ని, ఇంగ్లీషులో ట్యూనింగ్ ఫోర్కుని. పేరు చూసి, సంగీతానికి పనికొచ్చే వస్తువునని మీరు అనుకుంటే అందులో మీ తప్పేం లేదు. చాలాకాలం నేనూ అలాగే అనుకున్నాను. అంబాలాలో ఒక చిన్న కార్ఖానాలో నన్ను అల్యూమినియం కడ్డీలోంచి కోసి, రెండు కొమ్ములు తీర్చి, కింద గుండ్రటి పాదం బిగించారు. ఆఖరున ఒక ముసలాయన నన్ను మోకాలికేసి కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆకురాయితో కాస్త గీకాడు. మళ్లీ కొట్టాడు, మళ్లీ గీకాడు. సెకనుకు అయిదు వందల పన్నెండు సార్లు వణికేదాకా నన్ను వదల్లేదు. అంత కష్టపడి నాకు నేర్పింది ఒకే ఒక్క స్వరం. దాంతో ఎవరు కచేరీ చేస్తారో నాకు అంతుబట్టలేదు.

హైదరాబాదులో ఇందుమతి అనే వైద్య విద్యార్థిని నన్ను కొనుక్కుంది. హాస్టల్ గదిలో నన్ను మోగించి, నా పాదాన్ని తన నుదుటి మీద ఆనించుకుంది. తర్వాత ఎడమ చెవిలో వేలు పెట్టుకుని కళ్లు పెద్దవి చేసింది. "ఇదేందే, మూసిన చెవిలోనే గట్టిగ మోగుతున్నది!" అంది పక్కమంచం అమ్మాయితో. ఆ అమ్మాయి నమ్మక తనూ చేసి చూసింది. ఆమెకూ అంతే. తెరిచిన చెవిని వదిలి మూసిన చెవిలోకి వెళ్లడమేమిటో, వెళ్లిన నాకే తెలియదు.

కొన్నేళ్లకు ఆమె సిరిసిల్లలో చెవి, ముక్కు, గొంతు డాక్టరుగా కుదురుకుంది. ఆమె తెల్లకోటు జేబులో ఉండి నేను మనుషులను చూస్తూ వచ్చాను. చెవిలో గుబిలి దానంతటదే మెల్లగా బయటికి జరిగి రాలిపోతుందట. దాన్ని రాలనిస్తేగా! పిన్నీసు, అగ్గిపుల్ల, తాళంచెవి, ఏది దొరికితే అది పెట్టి లోపలికి కుక్కుకుని, ఆపైన డాక్టరు దగ్గరికి వచ్చి "ఎందుకైందో తెల్వదు మేడం" అనేవారు.

ఒక చలికాలం ఉదయం ఓదేలు వచ్చాడు. యాభై దాటిన మనిషి. ముప్పై ఏళ్లుగా మరమగ్గాల షెడ్డులో పని. వెంట భార్య సుగుణ ఉంది. తీసుకొచ్చింది ఆమేనని వాళ్ల మొహాలు చూడగానే తెలిసింది.

"నా చెవులకేం కాలేదమ్మా," అన్నాడు ఓదేలు, గది దద్దరిల్లేలా. "జనమే నోట్లె నోట్లె మాట్లాడవట్టిండ్రు."

ఇందుమతి నన్ను మోగించి అతని చెవి దగ్గర పెట్టింది. "ఇనవడ్తంది!" అన్నాడతను గెలిచినట్టుగా. నాకూ అర్థం కాలేదు. వింటున్నాడు కదా, మరి చెవుడేమిటి? అప్పుడామె నోటికి కాగితం అడ్డం పెట్టుకుని "చాప" అంది. అతను "పాప" అన్నాడు. "కత్తి" అంది. కాసేపు ఆలోచించి "అత్తి" అన్నాడు.

కాగితం తీసి, అతనికి ఎదురుగా కూర్చుని ఆమె నెమ్మదిగా చెప్పింది. నేను మోగేది బొంగురు గొంతుతో కాబట్టి అతనికి అందింది. మాటల అంచులు పట్టుకునేది సన్నటి చప్పుళ్లతో. వాటిని పసిగట్టే కణాలు లోపలి చెవిలో సన్నని నూగులా ఉంటాయి. మగ్గాల రొదకు అవి ఒక్కొక్కటే చచ్చిపోయాయి. మళ్లీ మొలవవు.

"మరి ఇంట్ల ఎట్ల నడుస్తున్నది?" అని అడిగింది సుగుణను.

"ఆఁ?" అంటూ సుగుణ కుడి చెవిని ముందుకు తిప్పింది. "నా పెదవులు చూసి అర్థం చేసుకుంటడు మేడం. ఎవలేమన్నా నేనే మల్ల చెప్త."

ఇందుమతి రాస్తున్న కలం ఆపింది. "మీరెందుకు అటు తిరిగి వింటున్నరు?"

"నాకేం గాలె. మొన్న పొద్దుగాల లేసేసరికి ఎడమ చెవు మూసుకపోయింది. సర్ది అయినట్టుంది. నూనె పోసుకున్న, తగ్గుతది."

జలుబు చేస్తే చెవి మూసుకుపోవడం వింతేమీ కాదు. ముక్కు వెనక నుంచి చెవిలోకి ఒక సన్నటి గొట్టం ఉంటుంది. అది బిగుసుకుంటే చెవి దిబ్బడ వేస్తుంది. ఇది నేను రోజూ వినే సంగతే. కాబట్టి సుగుణ నుదుటి మీద నన్ను ఆనించినప్పుడు, మూసిన చెవి ఎడమది కదా, అటే మోగుతాననుకున్నాను.

"ఏ చెవిల వినిపిస్తున్నది?"

"కుడి చెవుల."

ఇందుమతి దీపంతో ఎడమ చెవి లోపలికి చూసింది. శుభ్రంగా ఉంది. నన్ను మళ్లీ మోగించింది. "తొందర లేదు, ఆలోచించి చెప్పండి."

"కుడే మేడం."

బాగున్న చెవి విన్నదంటే మంచిదే కదా? మరి డాక్టరు మొహం ఎందుకు వాడిపోయింది?

"దారి మూసుకుపోయుంటే ఇది ఎడమ చెవిలనే మోగాలి," అంది ఇందుమతి. "కుడి దిక్కు పోయిందంటే ఎడమ చెవి లోపల దెబ్బతిన్నట్టు. ఇది సర్ది కాదమ్మా. మందులు ఇయ్యాల్నే మొదలు పెట్టాలె. ఆలస్యమైతే ఇగ రాదు."

"ఎల్లుండి మా ఆడిబిడ్డ ఇంట్ల గృహప్రవేశం. అది కాంగనె వస్త. ఇంకో చెవు ఉన్నది గద."

ఓదేలు ఈ మొహం నుంచి ఆ మొహానికి చూస్తున్నాడు. అతనికి మాటలు తిరిగి చెప్పే మనిషి గురించే ఇప్పుడు మాటలు నడుస్తున్నాయి. "ఏందే? ఏమంటున్నరు? నాకు చెప్పరేంది?" అన్నాడు. సుగుణ తల దించుకుంది. ఇందుమతి లేచి అతని ముందుకు వచ్చి, ప్రతి మాటా విడదీసి చెప్పింది. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

అతను కుర్చీ భార్య వైపు తిప్పుకున్నాడు. తర్వాత, వచ్చినప్పటి నుంచి మొదటిసారి, గొంతు తగ్గించాడు.

"నావి ముప్పై ఏండ్ల సంది పోయినయే. నీది మొన్ననే వోయింది. ఇయ్యాల పట్టుకుంటె దొరుకుతది. గృహప్రవేశానికి పోకుంటే ఇల్లేమన్న కూలుతదా?"

ఆ పూటే సుగుణకు చక్కెర పరీక్ష, వినికిడి పరీక్ష చేయించి మాత్రలు మొదలుపెట్టారు. ఆ వారాలు నాకు తలాతోకా అర్థం కాలేదు. నేను మోగేది ఎప్పుడూ ఒకేలా. వారం తర్వాత నుదుటి మీద పెడితే "కుడి" అంది. చెవి తెరలోంచి సన్న సూదితో మందు ఎక్కించారు. పదో రోజూ "కుడే" అంది. చెప్పేటప్పుడు డాక్టరును కాదు, ఓదేలును చూసింది. నాలో ఏదైనా లోపముందేమోనని అనుమానపడ్డాను.

మూడో వారం సుగుణ తొందరపడలేదు. కళ్లు మూసుకుంది. నేను సన్నగిల్లి ఆగిపోయేదాకా అలాగే కూర్చుంది.

"ఎటు?" అంది ఇందుమతి.

"ఎటూ లేదు మేడం. నెత్తి నడిమిట్ల మోగుతున్నది."

రెండు చెవులూ దాదాపు సమానంగా వింటేనే నేను నడుమ మోగుతానట. వినికిడి పూర్తిగా రాలేదు. వినికిడి పరీక్షలో వచ్చిన గీతలో సన్నటి చప్పుళ్ల దగ్గర కొంత పల్లం మిగిలిపోయింది. అది అలాగే ఉంటుందని ఇందుమతి దాచకుండా చెప్పింది. అయినా నన్ను బల్ల మీద పెట్టబోతూ ఆమె సుగుణ మొహమే చూస్తోంది. నేను జారి గచ్చు మీద పడ్డాను. ఒక కొమ్ము వంగింది. నా స్వరం పోయింది. మర్నాడు కొత్తది వచ్చింది. నన్ను మాత్రం పారేయలేదు. ఫ్యాను గాలికి చీటీలు ఎగరకుండా బరువుగా పెట్టుకున్నారు.

ఎండాకాలంలో భార్యాభర్తలు మళ్లీ వచ్చారు. ఓదేలుకు ఇచ్చిన వినికిడి మిషను అతని అంగీ జేబులోనే ఉంది. పెట్టుకుంటే గిన్నెల చప్పుడు మగ్గంలా మోగుతోందని ఫిర్యాదు. మెల్లగా అలవాటవుతుందని ఇందుమతి చెబుతుండగానే అతను సుగుణకు ఎడమ పక్కగా వంగి, ఆమె చెవిలో "సుగుణా!" అని అరిచాడు.

ఆమె ఉలిక్కిపడి పక్కకు జరిగింది. "చెవుల ఒర్రకయ్యా! ఇనవడ్తంది!"

ఇందుమతి పకపకా నవ్వింది. తిట్లు తిన్న మనిషి మొహం అంతగా వెలిగిపోవడం నేనెక్కడా చూడలేదు. అసలు అతనికి ఆ తిట్టు వినబడిందో లేదో!

"ఏమన్నది?" అన్నాడు డాక్టరుతో.

సుగుణ మొహం అతని వైపు తిప్పి చెప్పబోయింది. అతను ఆగమని చెయ్యి చూపించాడు. జేబులోంచి మిషను తీసి, తడుముకుంటూ చెవికి తగిలించుకున్నాడు.

"ఇప్పుడను."