కొండ మేస్త్రీ బాప్తిస్మం

"ఎవరికి?" అంది మిషనక్క, సరిగ్గానే విన్నా. కుట్టుమిషను ముందు కూర్చున్న ఆమె చేతిలో కత్తెర ఆగిపోయింది.

"కొండ మేస్త్రీకమ్మా. ఆదివారం బాప్తిస్మం," అంది పాస్టరమ్మ. "మన దగ్గరున్న తెల్లంగీల్లో ఒక్కటీ ఆయన భుజాలు దాటి దిగట్లేదు. నువ్వొకటి కుట్టిపెడితే..."

"బట్ట లేదు."

ఆమె వెనకే తెల్లబట్ట తాను గోడకి ఆనించి ఉంది. పాస్టరమ్మ దాన్నోసారి చూసి వెళ్ళిపోయింది.

కలప కోత మిల్లులో అతను మేస్త్రీ. మనిషి కొండంత, గొంతు రంపాల రొదని మించి. పెద్ద రంపానికి చేతులు తగలకుండా ఉండే అడ్డురేకు ఊడిపోయిందని మిషనక్క భర్త మొత్తుకున్నా, పని ఆగిపోతుందని మేస్త్రీ పెడచెవిన పెట్టాడు. ఆ రంపమే భర్త కుడిచేతి వేళ్ళు తీసుకుపోయింది. విచారణలో మేస్త్రీ, "రేకు ఉంది. ఇతనే పరధ్యానంగా చెయ్యి పెట్టాడు," అని చెప్పాడు. మిల్లు చేతులు దులుపుకుంది. అప్పటినుంచి మిషనక్క ప్రార్థనలో ఒక మనవి మారలేదు. ఆ మనిషి పతనం కళ్ళారా చూపించమని. దేవుడేమో ఆ మనిషినే చెయ్యి పట్టుకుని తన మందిరానికి తెచ్చుకున్నాడు.

ఆ సాయంత్రం భర్త గుమ్మంలోకి వస్తూనే, "విన్నావా? మేస్త్రీ మిల్లులో అందరినీ పోగుచేసి, ఓనరు ముందే చెప్పేశాడట. రేకు లేదు, నేను అబద్ధమాడాను, అతని తప్పేం లేదు అని. అక్కడికక్కడే ఉద్యోగంలోంచి తీసేశారు," అన్నాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"మీకు నవ్వెలా వస్తోందండీ?"

"పని చేతకానివాడన్న మాట ఇన్నేళ్ళూ మోశానే. ఇవాళ దిగిపోయింది."

"వేళ్ళు మొలుస్తాయా? నాలుగు కన్నీటి చుక్కలు రాలిస్తే దేవుడు కరిగిపోవడమేనా? అంత చవకా ఆయన క్షమ?"

భర్త చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. "చవకెందుకవుతుందే? మేకులు దిగింది ఆయన చేతుల్లోకి. ఎవరిమీద జాలిపడాలో ఆయనకి మనం చెబుతామా?"

ఆ మాటకి ఆమెకి ఇంకా మండింది. మోకాళ్ళ మీద కూర్చుని, "సరే, నీ ఇష్టం. నన్ను మాత్రం అతని పక్కన నిలబెట్టకు," అని దేవుడితో తెగేసి చెప్పి లేచింది.

ఆదివారం మందిరం ఆవరణలో బాప్తిస్మం తొట్టి చుట్టూ జనం. మేస్త్రీ వచ్చాడు. అంగీ పాస్టరమ్మ కుట్టిందే, ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగిపోయాడు. చిన్నప్పుడు బావిలో పడ్డాడట, నీళ్ళంటే ప్రాణభయం. నీళ్ళలో నిలబడ్డ పాస్టరుగారు అతని గుండెల దాకా కూడా రారు. ఎవరో కిసుక్కున నవ్వారు.

మిషనక్క భర్త గబగబా తొట్టిలోకి దిగి అతని చెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళు లేని చెయ్యి అంగీ మీంచి జారిపోయింది. మేస్త్రీ ఆ చేతివైపు చూశాడు.

"వద్దు తమ్ముడూ. ఈ చేత్తో నువ్వు నన్ను పట్టుకోవద్దు. నేను తగను," అంటూ వెనక్కి తిరిగాడు.

మిషనక్క ఇన్నేళ్ళూ దేవుణ్ణి అడుగుతూ వచ్చింది సరిగ్గా ఇదే. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, అతను తల వంచుకుని గేటు దాటి పోతాడు. కానీ ఆ ముఖం మీంచి ఆమె చూపు తిప్పుకోలేకపోయింది. ఇలాంటివాణ్ణి వెనక్కి పంపే దేవుడైతే, ఇంత విషం గుండెలో పెట్టుకు తిరిగే తనని ఎందుకు ఉంచుకుంటాడు?

"ఆగు!" అంది. ఆ కేక తనదేనని ఆమెకే ఆశ్చర్యం.

చీరతోనే తొట్టిలోకి దిగింది. నీళ్ళమీద కుచ్చిళ్ళు తేలిపోతున్నా పట్టించుకోకుండా అతని రెండో చెయ్యి రెండు చేతులా పట్టుకుంది.

"ఎక్కడికి పోతావు? తగినవాళ్ళే దిగాలంటే ఈ తొట్టి ఏనాడో ఎండిపోయేది. మేం పట్టుకున్నాం. దిగు, అన్నయ్యా!"

అన్నయ్యా అన్న మాటకి అతను భోరుమన్నాడు. ఏడుస్తూనే దిగాడు. పాస్టరుగారు త్రియేక దేవుని నామం పలికారు. ముగ్గురూ కలిసి అతన్ని వంచారు. కొండ మునిగింది. తొట్టి పొంగి ముందు వరుసంతా తడిసిపోయింది, ఇందాక నవ్వినాయనతో సహా.

మేస్త్రీ దగ్గుతూ, ఉక్కిరిబిక్కిరవుతూ పైకి లేచాడు. "బతికే ఉన్నానా?"

"ఇప్పుడే మొదలుపెట్టావు," అన్నాడు మిషనక్క భర్త.

ఆవరణంతా చప్పట్లతో, నవ్వులతో హోరెత్తింది. పాట ఎత్తుకోవాల్సినవాళ్ళు ఇంకా కళ్ళు తుడుచుకుంటున్నారు. మిషనక్కే ఎత్తుకుంది. శ్రుతి లేదు, గొంతు జీరబోయింది, చీరలోంచి నీళ్ళు కారుతున్నాయి. అయినా ఆమె ఆపలేదు. రెండో చరణానికి అందరి గొంతులూ కలిశాయి, వీధిలో వెళ్ళేవాళ్ళు కూడా గేటు దగ్గర ఆగి చూశారు.