ఆపమన్న బావి

హోటలు హాల్లో ముందు వరుసలో కూర్చునేసరికే పెద్దమేడానికి నడుము పట్టేసింది. చమురు కోసం ఎక్కడ తవ్వాలో, ఎంత లోతుకు పోవాలో కంపెనీలకు సలహా చెప్పే చిన్న సంస్థ ఆమెది. తమ్ముడూ తనూ కలిసి ఇన్నేళ్ళూ దాన్ని నెట్టుకొచ్చారు. పరిశ్రమకు చేసిన సేవకుగాను ఈ రోజు వాళ్ళకు సన్మానం.

వాళ్ళ సలహాతో చమురు పడిన బావుల పేర్లు వేదిక మీద కార్యదర్శి ఏకరువు పెడుతున్నాడు.

"ఇంకా ఎన్ని ఉన్నాయిరా?" అందామె.

"కాస్త నవ్వుతూ ఉండక్కా, ఫొటోలు తీస్తున్నారు," అన్నాడు తమ్ముడు పెదవి కదపకుండా.

షీల్డు అందుకున్నాక, మాట్లాడమంటే, ఆమె అందరికీ కృతజ్ఞతలని ఒక్క ముక్క చెప్పి మైకు తమ్ముడి చేతిలో పెట్టేసింది.

భోజనాల దగ్గర ఒక పెద్దాయన ప్లేటుతో ఎదురొచ్చాడు. ఒకప్పుడు డ్రిల్లరుగా చేశానని చెప్పుకున్నాడు.

"కొండవాలు బావి గుర్తుందా మేడం? సగంలో ఆపించేశారు."

గుర్తులేకేం. అడుగున గ్యాసు ఒత్తిడి మితిమీరుతోందని, ఇంక తవ్వొద్దని ఆమే పట్టుబట్టింది. కంపెనీవాళ్ళు మండిపడి, ఆ తర్వాత చాన్నాళ్ళు వీళ్ళ గడప తొక్కలేదు. ఇందాక చదివినవాటిలో ఆ బావి ఊసే లేదు.

"మా పని పోయింది. మిమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను."

"తిట్టుకోరూ మరి."

"తర్వాత పక్కనే వేరేవాళ్ళు అదే పొరలోకి తవ్వారు. బావి పేలింది. మా తోడల్లుడు అక్కడే పోయాడు." చేతిలో ప్లేటు బల్ల మీద పెట్టాడు. "మాదీ ఆపకపోయుంటే నేనూ ఉండేవాణ్ణి కాదు. ఎప్పుడైనా కనబడితే చెబుదామనుకున్నా."

ఆమె పక్క కుర్చీ లాగి కూర్చోమంది. ఇద్దరూ కలిసి తిన్నారు.

కారెక్కాక తమ్ముడికి అంతా చెప్పి, "ఆ పక్కబావి వాళ్ళకూ చెప్పాం కదరా?" అని అడిగింది.

"చెప్పడానికే వెళ్ళాం. లోపలికే రానివ్వలేదు. నువ్వు మెట్ల మీద కూలబడిపోయావు."

ఆమె సీటుకు తల ఆనించింది. "నాకిక ఓపిక లేదురా."

"నువ్వు ఇంటిపట్టున ఉండు. సోమవారం కొత్త కంపెనీవాళ్ళు సలహాకి వస్తున్నారు, నేను చూసుకుంటాను."

వీధి దీపాలు ఒకటొకటిగా వెనక్కి పోతున్నాయి. తమ్ముడు ఆమె నిద్రపోయిందనుకున్నాడు.

"నీకు మొహమాటం ఎక్కువ. వద్దనాల్సినచోట వద్దనలేవు," అంది కళ్ళు తెరవకుండానే. "నేనూ వస్తాలే."