నీలం కనబడితే చెప్పు

మా ఆయన వెంకటసాయికి పడవ పిచ్చి. కొంపల్లిలో ఫ్లాటు కొన్నప్పుడు హాలుకు ఏ రంగు వేయించాలో నన్నే చూసుకోమన్న మనిషి, షామీర్‌పేట చెరువులో ఉండే తెరచాప పడవకు అడుగున ఏ రంగు వేయాలో మాత్రం పప్పుచారు చల్లారిపోయేదాకా చెప్పేవాడు. పుట్టి పెరిగింది కాకినాడలో, ఉద్యోగం సాఫ్ట్‌వేరులో. సముద్రం లేని లోటు చెరువుతో తీర్చుకున్నాడు. ఆ పడవలో సగం ఆయనది, సగం షామీర్‌పేటలో భూములున్న వంశీది.

మొదటి ఏడాది సముద్రపు పడవలకు అడుగున గుల్లలు పట్టకుండా వేసే ఎర్ర రంగు డబ్బా ఒకటి కాకినాడ నుంచి బస్సులో తెప్పించాడు. వంశీ పగలబడి నవ్వాడు. "మంచినీళ్ళల్ల గుల్లలు యాడ పడ్తయి అన్నా? ఈడ పట్టేది పాచి ఒక్కటే. గా రంగుల ఉండే రాగి మందుకు చేపలు సస్తయి, మా నాయిన మనిద్దర్ని సంపుతడు" అన్నాడు. మూత తీయని ఆ డబ్బా ఇప్పటికీ మా బాల్కనీలో మనీప్లాంటు కుండీకి పీటగా ఉంది.

తర్వాత సుచిత్ర సర్కిల్లో ఒక దుకాణంవాడి ప్రాణం తీసి చెరువుకు పనికొచ్చే రంగు తెప్పించుకున్నారు. అదీ ఎరుపే. అడుగు ఎర్రగా లేకపోతే కాకినాడ కంటికి అది పడవే కాదు కదా. అది అరిగే రకం రంగు. పడవ నడిచేకొద్దీ నీళ్ళ రాపిడికి సబ్బులా అరుగుతుంది, పాచి కూడా దాంతోపాటే పోతుంది. ఎరుపు వేసేముందు కింద ఒక పూత నీలం వేసేవాడు. ఎరుపంతా అరిగి నీలం బయటపడితే మళ్ళీ రంగు వేయాల్సిన వేళైందని గుర్తు. వేసవిలో పడవను గట్టుకు లాగినప్పుడల్లా నన్ను లాక్కెళ్ళేవాడు. "లేఖా, నీ కళ్ళు మంచివి. నీలం కనబడితే చెప్పు" అనేవాడు. నేను ఎండను తిట్టుకుంటూ, ఆయన్నీ తిట్టుకుంటూ పడవ కిందికి వంగి చూసేదాన్ని.

ఆఖరిసారి రంగు వేసి వచ్చిన వారంలోనే వెంకటసాయి ఆఫీసులో కూర్చున్న కుర్చీలోనే ఒరిగిపోయాడు. ఆసుపత్రికి చేర్చేలోపే అంతా అయిపోయింది. గోళ్ళ అంచుల్లో ఎరుపు ఇంకా వదల్లేదు. ఆఖరి స్నానం చేయించేటప్పుడు ఎవరో దాన్ని రుద్దబోతే నేను రుద్దనివ్వలేదు.

ఏడాది తిరిగాక వంశీ ఫోన్ చేశాడు. "వదినా, పడవను గట్టుకు గుంజినం. జర ఒక్కసారి వస్తరా?"

వెళ్ళాను. పడవ దుంగల మీద ఉంది. అడుగంతా పచ్చటి పాచి వేలాడుతోంది. వంశీ చేతిలో రంగు గీకే ఇనుప రేకు ఉంది.

"నడుపుదామని మస్తుసార్లు వచ్చిన వదినా. చుక్కాని మీద చెయ్యి పెట్టంగనే పాణం ఒప్పలే, తిరిగి పోయిన. ఇగ ఇది నిలబడే ఉంటది. నిలబడ్డ పడవకు అరిగే రంగు పనికిరాదు. గట్టి రంగు ఏద్దాం."

గట్టి రంగంటే ఏమిటో నాకు తెలుసు. పప్పుచారుతోపాటు మా ఆయన అదీ వడ్డించాడు కదా. గట్టిది అరగదు. కానీ అరిగే రంగు మీద నిలవదు, పెచ్చులూడిపోతుంది. వేయాలంటే ముందు పాతదంతా గీకి పారేయాలి.

"ఆయన వేసిందంతా గీకేస్తావా?" అన్నాను.

వంశీ తల దించుకున్నాడు. "గీకాలె వదినా. లేకుంటే పట్టది."

వంగి పాచిని చేత్తో తోశాను. కింద ఎరుపు నిన్న వేసినట్టే ఉంది. పడవ కదల్లేదు, రంగు అరగలేదు. ఒకచోట కుంచె వెంట్రుక రంగులో ఇరుక్కుని ఎండిపోయింది. ఆయనకు ఓపిక తక్కువ, తీసేసి ఉండడు. నాకు దుఃఖం ఆగలేదు. గట్టు మీద చేపలవాళ్ళు చూస్తున్నా సరే, ఆ పడవ కిందే కూలబడి ఏడ్చాను. ఇనుప రేకు ఆ ఎరుపును తాకితే నా ఒళ్ళు గీకినట్టే ఉంటుంది.

"గీకొద్దు. కొత్తదీ వద్దు. పాచి కడిగించి దీన్నిలాగే నీళ్ళలోకి దింపు."

"నడవకుంటే మల్ల గిదే పాచి పడ్తది వదినా."

"అయితే నడుపు."

"ఒక్కన్ని నాతోని అయితలేదు."

"నేనొస్తాను."

వంశీ నన్ను ఎగాదిగా చూశాడు. హుస్సేన్‌సాగర్‌లో లాంచీ ఎక్కి వాంతి చేసుకున్నానని మా ఆయన ఊరూవాడా చాటాడు మరి.

"నడిస్తే అన్న రంగు గూడ అరుగుతది" అన్నాడు మెల్లగా. "ఆఖరికి ఉండదు."

"అరగనీ. నీళ్ళలో అరగనీ, రేకుతో వద్దు."

అప్పట్నుంచి ఆదివారాలు షామీర్‌పేటకు వెళ్ళాను. వంశీ చుక్కాని పట్టేవాడు. నేను లైఫ్‌జాకెట్ బిగించుకుని, రెండు చేతులా అంచు పట్టుకుని కూర్చునేదాన్ని. మొదట్లో కళ్ళు మూసుకునేదాన్ని. వానలు పడి చెరువు నిండాక కళ్ళు తెరవడం అలవాటైంది. పడవ గాలికి ఒరిగి జోరందుకున్నప్పుడు మాత్రం కింద ఆయన అరిగిపోతున్నాడనిపించి, తెరచాప దించెయ్యమని అరవాలనిపించేది. అరవలేదు.

ఈ వేసవిలో పడవను మళ్ళీ గట్టుకు లాగారు. ఎక్కడా పాచి లేదు. అలవాటుగా కిందికి వంగాను. ముందువైపు, నీళ్ళు జోరుగా తగిలే చోట, ఎరుపు పలచబడి అరచేయంత నీలం తేలింది.

"ఏవండీ, నీలం కనబడింది!"

నోరు జారి పిలిచేశాను. తాడు చుడుతున్న వంశీ ఆగిపోయాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. తాడు కింద పెట్టి, నా పక్కకొచ్చి వంగి చూశాడు.

"ఏ రంగు తేవాలె వదినా?"

"ఎరుపే" అన్నాను. "కింద ఆయన వేసిన నీలాన్ని అలాగే ఉండనియ్యి."