బాలవ్వకు చెప్పున్రి

సిద్దిపేట మిషన్ బడిలో రేడియో ఉందంటే ఉంది, లేదంటే లేదు. సీమకు తిరిగిపోతూ ఒక తెల్లదొర దాన్ని బడికి ఇచ్చిపోయాడు. మోటారు బ్యాటరీ తగిలించి మర తిప్పితే లోపల చిన్న దీపం వెలిగేది. ఆ తర్వాత కాలిన పెనం మీద నీళ్ళు చల్లినట్టు చుయ్యిమని ఒకటే మోత. ఆ మోత అడుగున మనిషి గొంతు ఉన్నట్టే ఉండేది, చెవి ఆనించి వింటే ఉండేది కాదు. ఊరివాళ్ళు దానికి బుస్సుపెట్టె అని పేరు పెట్టి నవ్వుకున్నారు. పంతులు సామ్యూల్ ఆ నవ్వులన్నీ భరించాడు.

హైదరాబాదు రేడియో టేషనువాళ్ళు కొత్త మిషను పెట్టి జోరు పెంచారని ఆ ఎండాకాలం మోటారు బస్సువాళ్ళు కబురు తెచ్చారు. సామ్యూల్ పంతులుకు ఇక కాలు నిలవలేదు. కల్లు గీసే గౌండ్ల పర్శరాములు ఇంటికి తనే నడిచివచ్చాడు.

"వాళ్ళు జోరు పెంచిన్రు, ఇగ మనం తీగ లేపాలె. తీగ ఎంత మీదికి పోతే గంత దూరం మాట అందుతది. బడి ఎనుక తాటిచెట్టు ఎక్కేది నువ్వు తప్ప ఎవరున్నరు?" అన్నాడు.

"మాటలు గాలిల వస్తయా పంతులూ?"

"గాలిలనే వస్తయి."

గాలిలో మాటలంటే పర్శరాములుకు ఏడాదిగా భయం. కాదంటే ఆ భయం ఎక్కడ బయటపడుతుందోనని మోకు తాడు భుజాన వేసుకొని వెళ్ళి, చెట్టెక్కి, రాగితీగను చెట్టు తలన మొవ్వు కింద బిగించి కట్టాడు. రెండో కొసను పంతులు కిటికీలోంచి లోపలికి తీసుకొని పెట్టెకు తగిలించాడు. ఆ సాయంత్రమే బుస్సుపెట్టె పాడింది. చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చి ముక్కున వేలేసుకున్నారు. అప్పటినుంచి పర్శరాములు సాయంత్రపు గీత ముగించుకొని, నడుముకు కత్తి అలాగే ఉండగా, బడి అరుగు మీద కూర్చొని రెండు పాటలు విని ఇంటికి పోవడం అలవాటు చేసుకున్నాడు. ఇంట్లో పొద్దుగూకే వేళ అతనికి ఊపిరాడేది కాదు.

ఆ సంగతి చెప్పాలి. పర్శరాములుకు ఒక్కడే కొడుకు, రాజం. పెళ్ళయిన ఏడాదికే ఫౌజులో చేరి మలయా పోయాడు. సింగపూరు జపానువాళ్ళ చేతిలో పడిందన్నారు. దానికి ముందే కాలు పోగొట్టుకొని వేములఘాట్‌కు తిరిగొచ్చిన ఒక జవాను, రాజం నది దాటుతూ మునిగిపోవడం కళ్ళారా చూశానన్నాడు. ఇంక అనుమానానికి తావేముంది? శవం లేదు కాబట్టి రాజం అంగీని వాగు ఒడ్డున కాల్చారు. కోడలు బాలవ్వ చేతి గాజులు పగలగొట్టారు. మూడోనాడు మోదుగాకులో రాజంకు ఇష్టమైనవన్నీ వడ్డించి పిట్టకు పెట్టారు.

పిట్ట ముట్టలేదు.

కాకి రాలేదా అంటే వచ్చింది. తుమ్మకొమ్మ మీద వాలి, మెడ వంచి విస్తరిని చూస్తూ కూర్చుంది. దిగలేదు. పోయినవాడి మనసులో ఏదో కోరిక మిగిలింది, మాట ఇయ్యమన్నారు కులపెద్దలు. నీ అవ్వను మంచిగ చూసుకుంట కొడుకా అన్నాడు పర్శరాములు. కాకి కదల్లేదు. బాలవ్వను ఒంటరిగ ఉంచ, మంచి జాగ చూసి నిలబెడత అన్నాడు. అప్పుడు కాకి లేచింది గాని, దిగడానికి కాదు, ఎగిరిపోవడానికి. ఎండ నెత్తికెక్కే దాకా చూసి విస్తరిని వాగులో వదిలారు. వాడు శాంతించలేదు, ఇక్కడిక్కడే తిరుగుతాడు అని పెద్దలు తేల్చేశారు. తేల్చడం వాళ్ళ పని, అనుభవించడం ఇంట్లోవాళ్ళ పని.

రాజం తల్లి పోచవ్వ అప్పటినుంచి రోజూ మునిమాపున గడప బయట ఒక ముద్ద పెట్టేది. పొద్దున చూస్తే ముద్ద అలాగే ఉండేది. పర్శరాములు చెట్టు మీద ఉండగా కింద ఎవరో తిరుగుతున్నట్టు ఆకులు చప్పుడయ్యేవి. తొంగిచూస్తే ఎవరూ లేరు. కిందటి చలికాలం పోచవ్వ ఆ బెంగతోనే పోయింది. ఆమెకు పెట్టిన విస్తరి మీద మాత్రం కాకులు తోసుకుంటూ వాలాయి. తల్లికి ముట్టిన పిట్ట కొడుకుకు ఎందుకు ముట్టలేదు? పర్శరాములుకు తోచిన జవాబు ఒకటే, బాలవ్వ సంగతిలో ఇచ్చిన మాట ఇంకా చెల్లలేదు. అందుకే తొగుట ఊళ్ళో, పెళ్ళాం చనిపోయిన ఒక మంచి రైతును చూసి, మారుమనువుకు మాట ఖాయం చేశాడు. వచ్చే ఆదివారం వాళ్ళు చీర తెచ్చి పిల్లను తీసుకుపోతారు. బాలవ్వ ఔననలేదు, కాదనలేదు. మామ మొహం చూసి ఊరుకుంది.

ఆ ఆదివారం ఇంకా రాకముందే, ఒక సాయంత్రం పర్శరాములు అరుగు మీద కూర్చొని ఉన్నాడు. యుద్ధం కబుర్ల కోసం పంతులు మర అటూ ఇటూ తిప్పి, ప్రార్థన గంట కొట్టే వేళయిందని పెట్టెను అలాగే వదిలి వెళ్ళాడు. లోపల చుయ్యిమని మోత. అందులోంచి ఒకడు ఉర్దూలో ఏదో చెప్పాడు. తర్వాత గొంతు సవరించుకున్న చప్పుడు.

"నేను సిద్దిపేట గౌండ్ల పర్శరాములు కొడుకు రాజంను."

పర్శరాములుకు ఒళ్ళంతా చల్లబడింది. శివసత్తులనే ఆడవాళ్ళకు పూనినప్పుడు చచ్చినవాళ్ళు ఇలాగే మొదలుపెడతారు, ఊరు, కులం, తండ్రిపేరు చెప్పి. గొంతు రాజందే. సన్నగా, దూరంగా, నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టు ఉంది.

"బాపూ, నేను మంచిగనే ఉన్న. నా గురించి రంది పెట్టుకోకున్రి. అవ్వ మంచిగున్నదా? అవ్వ మోకాళ్ళ నొప్పులు తగ్గినయా?"

పూనకంలో వచ్చేవాళ్ళు అందరూ మంచిగనే ఉన్నామంటారు. నదిలో మునిగినవాడు ఎట్లా మంచిగుంటాడు? తీగ కట్టింది ఎవరు? తనే. గాలిలో దిక్కులేక తిరిగేవాడికి ఇంట్లోకి దారి వేసింది తనే. ఇంకాసేపుంటే ఈ అరుగు దిగి తన వెంట ఇంటికి వస్తాడు, పెళ్ళాన్ని అడుగుతాడు.

"బాలవ్వకు చెప్పున్రి..."

పర్శరాములు కత్తి తీసి కిటికీ దగ్గర తీగను ఒక్క వేటుకు తెగ్గొట్టాడు. గొంతు మోతలో మునిగిపోయింది.

తెగిన కొస చేతిలో పట్టుకొని అతను అక్కడే నిలబడ్డాడు. భయం కాస్త దిగాక, విన్న మాటలు ఒక్కొక్కటే మళ్ళీ చెవిలో పడ్డాయి. అవ్వ మంచిగున్నదా అన్నాడు. చచ్చినవాడైతే అవ్వను మనల్ని అడగడమేమిటి? పోచవ్వ పోయి వాడి దగ్గరికే కదా చేరాలి? తల్లి చచ్చిన సంగతి తెలియనివాడు చచ్చినవాళ్ళలో ఎట్లా ఉంటాడు?

పర్శరాములు అరుగు మీద కూలబడ్డాడు. బతికున్న కొడుకు మాట్లాడుతుంటే తన కత్తితో నోరు కోశాడు. కాకి ముట్టకపోవడానికి కారణం కూడా ఇప్పుడు తెలిసింది, అది వాడి కూడు కాదు గనుక ముట్టలేదు. కాకికున్న తెలివి మనకు లేకపోయిందని నెత్తి బాదుకున్నాడు.

గంట కొట్టి వచ్చిన పంతులు సంగతంతా విని ముందు తలుపు మూశాడు.

"మెల్లగ మాట్లాడు. అది జపానోళ్ళ చేతిలున్న టేషను. ఇన్నమంటే జైల్ల ఏస్తరు. పట్టుబడ్డ మనోళ్ళతోటి ఇండ్లకు మాటలు చెప్పిస్తున్రని నేను గూడ ఇన్న."

"అయితే బతికున్నట్టే గద పంతులూ?"

అబద్ధం చెప్పడం సామ్యూల్ పంతులుకు చేతకాదు. "ఆ మాటలు రికార్డు మీద పట్టిపెడతరు. మల్ల మల్ల ఏస్తరు. ఆ మాట అన్ననాడు బతికున్నడు. ఇయ్యాల ఉన్నడో లేడో, గా పెట్టె చెప్పలేదు" అన్నాడు.

దారి పొడుగునా పర్శరాములును తొలిచింది ఒక్కటే. బాలవ్వకు చెప్పున్రి అన్నాడు. ఏం చెప్పమన్నాడు? ఉండమనా, పొమ్మనా? పిల్ల బతుకంతా ఆ మాటలో ఉంది. దాన్ని తానే నరికి పారేశాడు.

బాలవ్వ పొయ్యి ముందు కూర్చొని ఉంది. మామ మొహం చూసి లేచి నిలబడింది.

"ఏమైంది మామా? చెట్టు మీదికెల్లి జారినవా?"

చెప్పకుండా ఉండొచ్చు. పంతులు భయం పంతులుకుంది, అతను నోరెత్తడు. ఆదివారం గడిచిపోతే చాలు. కానీ ఆ మాట దాచుకొని ఆమె వడ్డించిన అన్నం తినలేకపోయాడు. కంచం పక్కకు జరిపి, విన్నదంతా చెప్పాడు, తీగ కోసిన సంగతి ఒక్కటి తప్ప.

బాలవ్వ గోడకు చేరగిలపడింది. ఏడుపు రాలేదు. అడిగింది.

"నాకేమన్న చెప్పిండా?"

ఉండమన్నాడని చెబితే ఈ పిల్ల ఉంటుంది అనుకున్నాడు పర్శరాములు. తనకు ఇంత వండిపెట్టి, తన పెద్దతనానికి తోడుగా, ఇదే గోడకు ఆనుకొని ముసలిదైపోతుంది. రాజం రాకపోతే? ఆమె ఉండాలని తన కడుపులో కూడా ఆశ ఉందని అతనికి తెలుసు. ఆ ఆశను చూసి అతనికి తన మీదే అసహ్యం కలిగింది. అందుకే దానికి ఎదురు మాట ఎత్తుకున్నాడు.

"చెప్పిండు. నా కోసం చూడకుమన్నడు. నీ బతుకు నువ్వు చూసుకొమ్మన్నడు."

బాలవ్వ తల వంచుకుంది. ఇంతటితో అయిపోయిందని అతను అనుకున్నాడు.

"ఏడ్సుకుంట అన్నడా మామా?"

ఆ ప్రశ్నకు అతని దగ్గర అబద్ధం తయారుగా లేదు. "లేదు బిడ్డా... మామూలుగనే అన్నడు" అన్నాడు.

ఆమెకు దుఃఖం అప్పుడు వచ్చింది. మామూలుగా అనగలిగాడంటే నిజంగానే వదిలేసుకున్నాడన్నమాట. పర్శరాములుకు తన మాట ఎక్కడ దిగిందో కనబడింది. వెనక్కి తీసుకోలేకపోయాడు.

ఆదివారం తొగుటవాళ్ళు బండి కట్టుకొని వచ్చారు. కొత్త చీర కట్టుకొని, కొత్త గాజులు తొడుక్కొని బాలవ్వ మామ కాళ్ళు మొక్కింది. బండి ఎక్కబోతూ దగ్గరికి వచ్చి, ఎవరికీ వినబడకుండా అంది.

"ఆయన మల్ల మాట్లాడితే నువ్వు గూడ జవాబు చెప్పు మామా. నీ మాట ఇన్నది, పోయింది అను. నేను ఊకెనే పోలేదని ఆయనకు తెల్వాలె."

ఆ పెట్టె వినదని ఆమెకు ఎలా చెబుతాడు? సరేనన్నాడు. బండి మలుపు తిరిగేదాకా నిలబడి, తర్వాత కూడా నిలబడ్డాడు. ఇల్లంతా చప్పుడు లేకుండా పోయింది. ఆకుల చప్పుడుకు ఇప్పుడు అతను భయపడటం లేదు. కొడుకు అక్కడ లేడని తెలిసిన తర్వాత ఆ చప్పుడు ఇంకా భరించరానిదైంది.

పంతులు తీగకు ముడివేసి అతికించాడు. పర్శరాములు రోజూ బడికి పోయేవాడు. తలుపు మూసి, పెట్టె గొంతు బాగా తగ్గించి, ఇద్దరూ దాని ముందు కూర్చునేవాళ్ళు. ఎవరెవరి కొడుకులో మాట్లాడారు. అరవంలో ఒకడు, పంజాబీలో ఒకడు. భాష తెలియకపోయినా ఎక్కడ అవ్వను అడుగుతున్నారో పర్శరాములుకు తెలిసిపోయేది. కొడుకు గొంతు ఇంకొక్కసారి వింటే చాలు, ఈ కట్టె కాలిపోయినా బాధ లేదనుకునేవాడు.

వానలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం, మోతలోంచి గొంతు సవరించుకున్న చప్పుడు వచ్చింది.

"నేను సిద్దిపేట గౌండ్ల పర్శరాములు కొడుకు రాజంను."

పంతులు ఉలిక్కిపడి అతని భుజం పట్టుకున్నాడు. అవే మాటలు, అదే వరుస. "బాపూ, నేను మంచిగనే ఉన్న." పర్శరాములు రెండు చేతులూ పెట్టె మీద పెట్టి, కొడుకు చెంపలు తడిమినట్టు తడిమాడు. కళ్ళనుంచి నీళ్ళు కారిపోతున్నాయి. "అవ్వ మంచిగున్నదా?" లేదు కొడుకా, అవ్వ లేదు, అని పైకే అన్నాడు. "అవ్వ మోకాళ్ళ నొప్పులు తగ్గినయా?"

అప్పుడతనికి తర్వాతి మాట గుర్తొచ్చింది. బాలవ్వ తొగుటలో కొత్త పొయ్యి ముందు కూర్చొని ఉంటుంది. రాజం ఏం చెప్పమన్నాడో వినకపోయినంత వరకే తాను చెప్పింది నిజమయ్యే వీలుంది. వింటే, రేపటినుంచి ఆ మాటను మోస్తూ ఏ మొహంతో తిరుగుతాడు? తొగుటకు పోయి చెప్తాడా? చెప్పకుండా చస్తాడా?

"బాలవ్వకు చెప్పున్రి..."

పర్శరాములు మర తిప్పేశాడు. లోపలి దీపం ఆరిపోయింది.

"ఏం పని జేసినవయ్యా! నీ కొడుకు మాట్లాడుతుండు!" అన్నాడు పంతులు.

"ఎరికే పంతులూ," అన్నాడు పర్శరాములు, చేయి మర మీదనుంచి తీయకుండా. "నా కొడుకే."